అరవై ఒకటో సూక్తి

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవి వరుసగా చెప్పాలంటే: సుద్దముక్కలు రెండు పెట్టెలు, కొత్త గొడుగు ఒకటి (సూక్తి ఆలోచిస్తూ ఉప్పల్ బస్సులో వదిలేశాను), బోర్డు తుడిచీ తుడిచీ చేయి చిరిగిన చొక్కా ఒకటి, ఒక నిండు ఆదివారం, లెక్క తప్పదన్న నమ్మకం ఒకటి. మొత్తం ఆరు. జాతి వేరైన వాటిని కలిపి కూడకూడదని నాకు తెలుసు. అయినా కూడేశాను, ఎందుకంటే అవన్నీ పోయింది ఒకే బోర్డు వల్ల.

ఆ బోర్డు నాచారంలో నేను గుమస్తాగా చేరిన ఫ్యాక్టరీ గేటు పక్కన ఉండేది. నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. చదువు మధ్యలో ఆగినా, వడ్డీలూ వాటాలూ సొంతంగా నేర్చుకున్నందుకు టైమాఫీసులో హాజరు పట్టీ రాసే పని ఇచ్చారు. కార్మికులు నన్ను 'లెక్కల తమ్మి' అనేవాళ్లు. ఒక రోజు మేనేజరు గారు పిలిచి, "రోజూ పొద్దున బోర్డు మీద ఒక మంచి మాట రాయాలి. మంచే జరుగుతుందని ఆలోచించడం, తక్కువలో బతకడం, ఈ రెండింటి మీదే ఉండాలి. నీ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి కదా, నువ్వే రాయి" అన్నారు. (అంకెలు బాగుంటే ఆలోచనలూ బాగుంటాయని ఆయన ఎలా లెక్క కట్టారో నాకిప్పటికీ అంతుపట్టలేదు.)

పని నాదయ్యాక పద్ధతి లేకుండా ఎలా? సోమ, బుధ, శుక్రవారాలు తృప్తికి, మంగళ, గురు, శనివారాలు ఆశకు కేటాయించాను. ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా. "చిన్న ఇంట్లో దీపం వెలుగు మూలలదాకా వస్తుంది" అని సోమవారం రాస్తే, "దారి పూర్తిగా కనిపించేదాకా ఆగినవాడు గడప దాటడు" అని మంగళవారం రాసేవాణ్ణి. జనం చదివి, చదివినట్టే మరిచిపోయి లోపలికి పోయేవాళ్లు. నాకూ అదే హాయిగా ఉండేది.

మరిచిపోని మనిషి ఒక్కడే, బోడుప్పల్ నుంచి నడిచి వచ్చే ఫిట్టర్. అందరూ 'రెంచి మామ' అనేవాళ్లు. నలభై రెండేళ్ల మనిషి, బోర్డు ముందు చెప్పులు విడిచి నిలబడి చదివేవాడు. చదివింది చదివినట్టు పాటించేవాడు కూడా. "మూట చిన్నదైతే నడక తేలిక" అని రాసిన రోజు టిఫిన్ డబ్బా లేకుండా వచ్చాడు. ఆ మధ్యాహ్నం నా డబ్బాలో సగం ఆయన కడుపులోకి పోయింది.

పది వారాలు నిండిన శనివారం సాయంత్రం రెంచి మామ టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. పది మంది ఫిట్టర్ల మీద ఒక చార్జిమన్ పోస్టు పడింది. దానికొక పరీక్ష. దరఖాస్తు సోమవారం పది గంటల లోపల ఇవ్వాలి.

"తమ్మీ, నువ్వు నిన్న ఉన్నదాంతోటి ఖుషీగా ఉండుమన్నవ్. మొన్న అడుగు ముందలికెయ్యిమన్నవ్. ఇప్పుడు నేను పరీచ్చ రాయాల్నా, వద్దా? చార్జిమన్ అయితె రాత్రి పాళీ డ్యూటి ఉండది. నా పెండ్లాము దగ్గుతోటి ఒక్కతే పడుంటుంది. ఫెయిలైతె మాత్రం పోరగాళ్లు నవ్వుతరు. నువ్వే లెక్క జెప్పు."

నేను లెక్కే చెప్పాను. సూక్తులు రాసుకునే పుస్తకం తీసి చూశాను. అరవై సూక్తులు. తృప్తివి ముప్పై, ఆశవి ముప్పై.

"సమానం వచ్చింది మామా."

"సమానమా? గట్లయితె ఎట్ల?"

పుస్తకం మూసి, "సోమవారం అరవై ఒకటోది రాస్తాను. అది ఎటైతే అటు" అనేశాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటాక గుర్తొచ్చింది, నా పద్ధతి ప్రకారం సోమవారం తృప్తిది. అంటే రాత్రి పాళీ, ఆవిడ దగ్గు, అన్నీ అలాగే ఉండిపోతాయి. పోనీ వరుస మారుద్దామంటే, ఆయన ఫెయిలై నలుగురిలో నవ్వులపాలైతే ఆ నవ్వు ఎవరి ఖాతాలో రాయాలి?

ఆదివారమంతా ఉప్పల్లో అక్కా వాళ్లింట్లో పలక పట్టుకుని కూర్చున్నాను. సంగతంతా విన్న అక్క పప్పు రుబ్బుతూ, "ఒరేయ్, అన్నీ రాశావు సరే. అందులో నువ్వు పాటించినవి ఎన్నిరా?" అంది. లెక్కపెట్టాను. సున్నా.

"మరి ఆ పెద్దాయన్ని ఎందుకు చంపుకు తింటున్నావు?"

"ఆయనే నన్ను తింటున్నాడే, అక్కా!"

సోమవారం పొద్దున బోర్డు ముందు నిలబడ్డాను. "ఉన్నదానితో" అని రాసి, చొక్కా చేతితో తుడిచాను. "అడుగు వేస్తేనే" అని రాసి, అదీ తుడిచాను. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. ఇంతలో సైరన్ మోగింది. బోర్డు మీద తెల్లటి మరక తప్ప ఒక్క అక్షరం లేదు. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన చొక్కాతో వచ్చిన రెంచి మామ చెప్పులు విడిచి ఆ మరకనే చాలాసేపు చదివాడు.

"గిదేంది తమ్మీ? ఏం రాసినవ్?"

"నాకు తెలియలేదు మామా."

"తెల్వదా? అరవై రోజులు మస్తు తెల్సినోని లెక్క రాసినవ్ గదా!"

"అవి కూడా తెలియకుండానే రాశాను."

ఆయన నా మొహం చూశాడు, బోర్డు చూశాడు, పెద్దగా నవ్వాడు. "రాసెటోనికే తెల్వదంటె, నాకు తెల్వకపోతె తప్పేముంది? ఇగ పట్టు." జేబులోంచి నాలుగు మడతల దరఖాస్తు కాగితం తీశాడు. వారం నుంచి అక్కడే ఉందట, చెమటకి మెత్తబడిపోయింది. నింపింది నేనే. పదికి ఇంకా పావుగంట ఉండగా ఇచ్చి వచ్చాడు.

ఫెయిలయ్యాడు, రెండు మార్కుల తేడాతో. నవ్వినవాళ్లు ముగ్గురు, వాళ్లలో మొదటివాడు ఆయనే. మరుసటి ఏడు మళ్లీ రాశాడు, ఈసారి బోర్డు చూడకుండా, పాసయ్యాడు. ఆ తర్వాత ఏ రాత్రీ ఆవిడ ఒంటరిగా దగ్గలేదు.

ఇప్పుడు నాకూ నలభై దాటాయి. నాచారం సందుల్లో ఎదురుపడితే తల నెరిసిన రెంచి మామ అదే అడుగుతాడు: "తమ్మీ, నా అరవై ఒకటోది ఏమాయె?" మొన్న ఇంటికొచ్చి కాగితం తీసి "ఉన్నదానితో" అని రాశాను. అక్కడే ఆగాను. చేయి దానంతటదే చొక్కా అంచు వెతికింది. ఆ ఇరవై ఒక్క ఏళ్లవాడికి తెలియనిది నాకూ తెలియలేదని నవ్వొచ్చి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రాసినవి అరవై. బాకీ, ఈ రోజుకీ, ఒకటి.