ఉలవలు నూర్చిన కరెంటు అంబాసిడర్

అన్యాయం జరిగింది మా ఆయనకి. జరిగింది మొన్న శుక్రవారం, అరకు సంత రోజున. చేసింది నేను. ఇంత సూటిగా చెప్పేశాను కాబట్టి మధ్యలో ఎవరూ నవ్వకండి, టీ ఒలికిపోతుంది.

మా ఆయన అప్పలనాయుడి తెల్ల అంబాసిడర్ మీ అందరికీ తెలిసిందే. స్టేషన్లో టూరిస్టులను ఎక్కించుకుని బొర్రా గుహలు చూపించి తీసుకొచ్చే టాక్సీ. పాతికేళ్ళ నాటిది. ఘాట్ ఎక్కితే దగ్గు, దిగితే మూలుగు, ఆగితే వాకిట్లో నల్లగా ఆయిల్ మడుగు. వెనక వచ్చే పొగకి మా ఇంటి కాఫీ మొక్కలు కూడా మొహం తిప్పుకునేవి. డీజిల్ రేటు పెరిగినప్పుడల్లా రేడియేటర్ కంటే ముందు ఆయనే వేడెక్కేవాడు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను గానీ చదవడం మానలేదు. లైబ్రరీలో పాత సైన్సు పత్రిక ఒకటి దొరికింది. అందులో ఏముందంటే, బయటి దేశాల్లో పాత కార్లలో ఇంజన్లు పీకేసి, మోటార్లు, బ్యాటరీలు పెట్టి కరెంటు మీద నడుపుతున్నారట! పొగ ఉండదు. చప్పుడు ఉండదు.

ఆ "చప్పుడు ఉండదు" దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. పొద్దున్నే కొండల మీంచి మంచు దిగుతూ ఉంటుంది చూడండి, ఆ మంచులో తెల్ల కారు, దాని చక్రాలు నేలకి తగులుతున్నాయో లేదో కూడా తెలియకుండా తేలుతూ వెళుతోంది. లోపల నేను. రోడ్డు పక్క గెడ్డ పారే చప్పుడు వినిపిస్తోంది. నా గాజుల చప్పుడు నాకే వినిపిస్తోంది. పప్పులో తిరగమోత వేస్తూ ఇది చూసేదాన్ని. తిరగమోత మాడిపోయేది.

మెకానిక్ సింహాచలానికి చెబితే వాడు నాకంటే పెద్ద పిచ్చోడు. "వొదినా, మనం సేసేద్దుం!" అని వైజాగ్ వెళ్ళి, గోడౌన్లలో బరువులెత్తే బండి మోటారు పాత ఇనుము కొట్లో పట్టుకొచ్చాడు. ఇంజను తీసి షెడ్డులో గోనెపట్టా కప్పాం. మోటారును గేర్‌బాక్స్‌కి బిగించాం. లారీ బ్యాటరీలు నాలుగు డిక్కీలో, రెండు బానెట్ కింద. ఛార్జింగ్ ఎంతుందో చూపించడానికి డాష్‌బోర్డు మీద ఓ ముల్లు.

మా ఆయన ఆ గోనెపట్టా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు, సంతాపానికి వచ్చినవాడిలా.

"నా బండి గుండె పీకేసినావు గదే!"

"గుండె కాదు, ఉబ్బసం. తీసేశాను, సంతోషించు."

"సరే, నానొక్క మాట సెప్తాను ఇను. శుక్రారం సంతకెళ్ళు. పొద్దుగూకీలోగా బండి దానంతటదే ఇంటికొచ్చిందా, శనారం బేరగాడు వత్తాడు, ఇంజను అమ్మేత్తాను. రానేదా, మళ్ళీ ఇంజనే ఎక్కించేత్తాను. తరవాత నువ్వా బానెట్ మీద సెయ్యేసినావంటే ఊరుకోను."

"వేయను. నువ్వే వచ్చి వేయమంటావు," అన్నాను. నాకు నోరు ముందు, తల తర్వాత.

శుక్రవారం పొద్దున సుంకరమెట్ట దగ్గర మా ఇంటి నుంచి అరకుకి దిగాను. అబ్బ! ఎలా చెప్పను? మంచు ఇంకా విడలేదు. సిల్వర్ ఓక్ చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి బయటికొచ్చి నన్ను చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతున్నాయి. వాటి కింద ఎర్రటి కాఫీ పళ్ళు. పళ్ళు కోసే ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు కారు లోపలికి వినిపిస్తున్నాయి. ఒక పిట్ట రోడ్డు మధ్యలో కూర్చుని, బంపర్ దగ్గరికొచ్చేదాకా లేవలేదు. లేచాక కూడా తిరిగి చూసుకుంది, ఏమిటిదీ అన్నట్టు. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాను, ఈ కొండలకి ఇన్ని చప్పుళ్ళున్నాయని ఆ రోజే తెలిసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బ్రేకు వేయడం మర్చిపోయి ఒక మలుపు కాస్త వెడల్పుగా తిరిగాను, అది వేరే విషయం.

సంతలో జనం మూగారు. ఒక జీపు డ్రైవరు బానెట్ మీద చెవి ఆనించి, "ఏటమ్మా, సచ్చిపోనాదా?" అన్నాడు.

"నీ జీపు అరిచినట్టు అరవకపోతే చచ్చినట్టేనా? మీ ఇంట్లో నిద్రపోయేవాళ్ళనందరినీ శ్మశానానికి మోస్తావేమిటి?" అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది. అసలు గోల అక్కడే మొదలైంది.

తిరుగు ప్రయాణంలో, మెట్ట ఎక్కుడు మొదలయ్యే ముందు, రోడ్డు నిండా కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె పరిచి ఉంది. మన దగ్గర మామూలే కదా, వచ్చే పోయే బళ్ళ చక్రాల కింద నలిగి ఉలవలు రాలాలని పరుస్తారు. పక్కన చీపురు పట్టుకుని సొంబారి నిలబడి ఉంది. మాకు కాఫీ పళ్ళు అమ్మే కొండదొర తెగ మనిషి, నా ఈడుది.

"వొదినా! ఇదేటి, సప్పుడు సెయ్యదేటి?"

చెప్పాను. కరెంటు అన్నాను. పొగ రాదు అన్నాను. ఆయిల్ కారదు అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "ఖర్చే లేదు సొంబారీ, ఎంత తిప్పితే అంత!" అన్నాను.

సొంబారి చీపురు కింద పడేసింది. "అలగైతే ఓ రెండు తిప్పులు తిప్పొదినా! లారీలెల్తే ఉలవలు డీజిలు కంపు కొడతన్నాయి. సారు కాసుకుంటే మా మావ గిన్ని ఇసిరికొట్టినాడు."

నిజమే కదా! ఉలవచారులో డీజిల్ వాసన రానివ్వని మొదటి కారు ప్రపంచంలో ఇదే! ఆ పత్రికలో రాసినవాళ్ళకి ఈ ఉపయోగం తట్టిందా? తట్టలేదు! ముందుకి వెళ్ళాను. రివర్స్‌లో వెనక్కి వచ్చాను. కట్టె కింద నుంచి టపటపా చిటపటా అని ఉలవలు రాలుతున్నాయి. ఇంజను చప్పుడు లేదేమో, ఒక్కో గింజ రాలడం కూడా వినిపిస్తోంది. వాన చినుకులు మొదలైనట్టు ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చేశారు. "ఇటేపొదినా!" "ఆ మూల నలగనేదు!" "మాది కూడా పరిసెయ్యమంటావేటి?"

పరిచేయమన్నాను. నేనే!

ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి. రథం తోలుతున్నట్టుంది నాకు. పైన ఎండ పలచగా, పసుపు నీళ్ళలా ఉంది. కాసేపటికి చూస్తే డాష్‌బోర్డు మీద ముల్లు పడుకుని ఉంది. పాపం, అలసిపోయిందేమో, కొంచెం కూర్చుంటే లేస్తుందిలే అనుకున్నాను. సొంబారి పెట్టిన చోడి అంబలి తాగాను. ముల్లు నిజంగానే కాస్త లేచింది. చూశారా, బ్యాటరీలకి నా మీద ఎంత ప్రేమో!

మెట్ట రెండో మలుపు దగ్గర ఆ ప్రేమ తీరిపోయింది. కారు ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. ఆగిన సంగతి కూడా నాకు వెంటనే తెలియలేదు, ముందూ వెనకా ఒకటే నిశ్శబ్దం కదా! చెట్లు కదలడం లేదేమిటా అని చూస్తే, నేనే కదలడం లేదు.

పొద్దు కొండ మీద వాలుతోంది. గోనెపట్టా కింద ఇంజను నవ్వుతున్నట్టు అనిపించింది. నడిచి వెనక్కి వెళ్ళి సొంబారి ముందు నిలబడ్డాను. అది నా మొహం చూసి, ఎద్దుల్ని విప్పి తోలుకొచ్చి పలుపు తాడుతో నా బంపరుకి కట్టింది.

ఎద్దులు లాగుతుంటే కూడా అంబాసిడర్ ఎంత హుందాగా వచ్చిందనుకున్నారు! మళ్ళీ మంచు దిగింది. గంటలు గణగణమంటున్నాయి. స్టీరింగ్ పట్టుకుని నేను మళ్ళీ కలలోకి జారిపోయాను. ఆ కలలోనే ఒక దుర్బుద్ధి పుట్టింది. మా ఇల్లు ఆఖరి మలుపు దాటాక పల్లంలో ఉంది. మలుపు దగ్గర ఎద్దుల్ని విప్పేస్తే కారు దొర్లుకుంటూ వాకిట్లోకి వెళ్ళిపోతుంది. చప్పుడు లేని కారు కదా! కరెంటు మీద వచ్చిందో, పల్లం మీద వచ్చిందో ఆ దేవుడు కూడా కనిపెట్టలేడు!

విప్పించాను. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు, మంచుకి లైట్లు వేశాను, మిణుకుమన్నాయి. మెల్లగా, మెత్తగా, మంచులోంచి వాకిట్లోకి దిగాను. మా ఆయన పీట మీంచి లేచాడు. సింహాచలం చేతులు జోడించాడు.

"వొచ్చేసిందే!" అన్నాడు మా ఆయన. బానెట్ నిమిరాడు. "ఓటమి ఒప్పుకున్నాన్లే. రేపు ఇంజను ఇచ్చేత్తాను."

నేను దర్జాగా తలుపు తీసుకుని దిగాను. సరిగ్గా అప్పుడు మలుపు మీంచి గంటలు, వాటి వెనక సొంబారి కేక:

"ఓ వొదినా! మా ఎద్దుల పలుపు నీ బంపరుకే ఉండిపోనాది! బేగి ఇప్పు!"

మా ఆయన వంగి బంపర్ చూశాడు. పలుపు ఎంత పొడుగుందో అంతా రెండు చేతులతో మెల్లగా చుట్టాడు. తిట్టలేదు. తిడితే నేనూ తిట్టేదాన్ని, సరిపోయేది. "అయితే, రేపొచ్చే బేరగాడికి ఇంజను సూపించాలా, ఎద్దుల్ని సూపించాలా?" అన్నాడంతే.

శనివారం ఇంజను మళ్ళీ బానెట్ కిందికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను వెనక సీటు మనిషిని. సొంబారి మాత్రం ఒకరి రుణం ఉంచుకునే మనిషి కాదు, నూర్పిడి కూలి అని ఉలవలు పంపింది. అవి ఇంట్లోకి తీసుకెళుతుంటే మా ఆయన గుమ్మంలో ఆపాడు. ఇంటిదాకా లాగిన ఎద్దుల దాణా ఖర్చు బండి తోలినవాళ్ళే ఇవ్వాలట, ఇది టాక్సీ వాళ్ళ ధర్మమట! చేసేదేముంది, ఆ ఉలవల్లోంచే సొంబారి ఎద్దులకి కొలిచి ఇచ్చాను. మన కొండల్లో మొట్టమొదటి కరెంటు కారు మొత్తం సంపాదన రెండు కుంచాల ఉలవలు, అందులో ఎద్దులు తిన్నవి ఒకటిన్నర.