యాస్మిన్ రాయని పరీక్ష

దర్శిలో పరుపులు కుట్టి బతికే అస్లాం కూతురు యాస్మిన్. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, లైసెన్సున్న సర్వేయరు కావాలని పంతం పట్టింది. పరీక్షకు కూర్చోవాలంటే ముందు అలాంటి సర్వేయరు దగ్గర పని నేర్చుకుని, ఆయన చేత సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. తనమీద క్రిమినల్ కేసేదీ ఉండకూడదు. ఆ రెండో నిబంధన చదివి యాస్మిన్ నవ్వుకుంది. తనమీద కేసెవడు పెడతాడు?

లైసెన్సున్న సర్వేయరు జయరావు దగ్గర చేరింది. ముక్కుసూటి మనిషి. ఎండలో గొడుగు ఆమెకిచ్చి, తాను తలకు తువ్వాలు చుట్టుకునేవాడు. "కొలతకు చుట్టరికాలుండవమ్మా" అనేవాడు. పని నేర్పి, సర్టిఫికెట్ మీద సంతకమూ పెట్టాడు. ఇక పరీక్షే తరువాయి.

మిరపకోతలప్పుడు పిచ్చయ్య అనే చిన్న రైతు తన చేను కొలిపించుకున్నాడు. పక్క చేను చలమయ్యది. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. కొలిచేసరికి చలమయ్య గట్టు పిచ్చయ్య చేలోకి జరిగిందని తేలింది. మట్టి తవ్వితే పాత హద్దురాయి బయటపడింది. పిచ్చయ్య మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు. అప్పుడొచ్చాడు చలమయ్య.

"ఎవడ్రా నా చేలో తవ్వింది?"

"ఇది మీ చేను కాదండీ" అన్నాడు జయరావు నెమ్మదిగా.

ఆ మాట నోట్లో ఉండగానే చలమయ్య ఎత్తిన గడ్డపార ఆయన తలమీద పడింది. యాస్మిన్ చున్నీతో గాయాన్ని అదిమి పట్టుకుంది. గుంటూరు ఆసుపత్రికి చేరకముందే, దారిలోనే, ఆయన ప్రాణం పోయింది.

సమాధి మట్టి ఆరకముందే చలమయ్య ఎదురుకేసు పెట్టించాడు. యాస్మిన్ హద్దురాయి పీకి దొంగ కొలతలు వేసిందట. ఆ వెనకే పెద్దమనుషులు అస్లాం ఇంటికొచ్చారు.

"జయరావు కాలుజారి రాయిమీద పడ్డాడని పిల్లచేత చెప్పించు, అస్లాం. కేసు తీసేయిస్తాం. హాయిగా పరీక్ష రాసుకుంటుంది."

"చచ్చినోడు తిరిగొస్తాడా? నీ బతుకు చూసుకోవే" అని తల్లి జాన్‌బీ ఏడ్చింది.

యాస్మిన్ జయరావు భార్య క్రిస్టీనా దగ్గరికి వెళ్లింది.

"నాకోసమని చెప్పొద్దమ్మా. నువ్వు చెప్పకపోయినా నిన్ను తిట్టుకోను" అంది క్రిస్టీనా. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"చూసింది చూడలేదని ఎట్లా చెప్పను, ఆంటీ?"

పరీక్ష వచ్చింది, పోయింది. కేసుందని ఆమె దరఖాస్తు తిప్పి పంపారు. చాన్నాళ్లకు హత్యకేసులో సాక్షిగా కోర్టు బోనెక్కింది. చూసిందంతా చెప్పింది. చలమయ్య లాయరు లేచాడు.

"హద్దు తేల్చామంటున్నారు. మీకు సర్వే లైసెన్సుందా?"

"లేదండీ. నామీద కేసుందని పరీక్ష రాయనివ్వలేదు."

"లైసెన్సు లేదు. పైగా ముద్దాయి" అన్నాడతను జడ్జి వైపు తిరిగి.

పిచ్చయ్య కూడా భయపడి, అక్కడ రాయే దొరకలేదన్నాడు. సంశయలాభం కింద చలమయ్యను వదిలేశారు. ఊళ్లో టపాకాయలు పేల్చారు. కోర్టు మెట్లమీద కూర్చున్న క్రిస్టీనాను యాస్మిన్ చేయిపట్టి లేపింది.

యాస్మిన్ మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె ఇప్పుడు గుంటూరు పక్క నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలకు చీటీలు కుడుతోంది. ఘాటుకు దగ్గు పట్టుకుంది. పిచ్చయ్య చేలోంచి కలుపుకున్న ఆ ముక్కలో ఈ ఏడు చలమయ్య పత్తి వేశాడు.