సామి రాని కావడి

తణికాచలానికి పూనకం వచ్చేది కాదు. సామి వెలసిన తిరుత్తణి కొండ పేరు పెట్టుకొని పుట్టినవాడికి ఇది చిన్న లోపం కాదు. ఆడికృత్తిక పండుగ నాడు పాలకావడి భుజానికెత్తుకున్నాక పంబ మోగితే చాలు, వాళ్ల మగ్గాల వీధిలో అందరికీ సామి వచ్చేవాడు. బ్యాంకు గుమాస్తా పెరుమాళ్‌కు సైతం వచ్చేవాడు. మరునాటికి సెలవు కూడా వచ్చేది. తణికాచలం మాత్రం బావి నుంచి నీళ్లు తెస్తున్నవాడిలా నడిచేవాడు.

కావడి గుంపుకు పెద్ద దండపాణి. తణికాచలానికి మేనమామ, పిల్లనిచ్చిన మామ. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆయన తీర్పు చెప్పేశాడు.

"ఈ తడవన్నా సామి వస్తాదా, రాదా? రాకుంటే కావడి ముట్టొద్దు. జనం నవ్వతా ఉండారు."

తణికాచలానికి దిక్కు తోచలేదు. బిడ్డకు జ్వరం తగ్గితే పాలు మోస్తానని మొక్కుకున్నాడు. తగ్గింది. మొక్కు తీరాలంటే ఊగక తప్పదు. మగ్గం పక్కన నిలబడి సాధన చేశాడు.

"ఎట్లుంది?"

"చీమలు కుట్టినట్టుండాది," అంది భార్య వళ్ళియమ్మ.

కృత్తిక నాడు కొండ కింద తణికాచలం కనుగుడ్లు పైకి తిప్పి ఊగాడు. దండపాణి ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడు. అంతలో కర్పూరం మంట ఆయన పంచె అంచుకు అంటుకుంది. తణికాచలం ఊగడం ఆపి, "మామా, పంచె కాలతా ఉండాది, కొంచెం ఇట్ల తిరుగు," అని, కాలితో ఆర్పి, మళ్లీ ఊగసాగాడు.

ముందుగా నవ్వింది పంబ వాయించేవాడు.

"దొంగసామా నీకు వచ్చింది? దించు కావడి," అన్నాడు దండపాణి.

తణికాచలం దించలేదు.

"నాకు రాదు మామా. ఇన్నేండ్లూ రాలేదు, ఇంక వచ్చేట్టు లేదు. బిడ్డకు మొక్కినాను. ఊరికే నడిచి పోతా."

నడిచే వెళ్లాడు. సన్నిధిలో దించి చూస్తే, ఊగినవారి చెంబుల్లో పాలు సగమైనా లేవు. తక్కినవి మెట్లకే అభిషేకమైపోయాయి. అతని చెంబులు నిండుగా ఉన్నాయి. పూజారి రెండు చేతులా అందుకున్నాడు.

మరుసటి ఏడు మోకాళ్ల నొప్పుల తిరుమలమ్మ తన పాలచెంబు తెచ్చి అతని కావడికే కట్టించింది.

"ఆ ఎగిరేటోళ్లకిస్తే సామికి చేరేది యాడ నాయనా?"

పక్కనే ఉన్న దండపాణి గొంతు సవరించుకున్నాడు. "మా అల్లుడికి సామి లోపలే వస్తాదిలేమ్మా. బయటికి కనపడదు."

"లేదు మామా, నాకు రాదు," అన్నాడు తణికాచలం ఎంతో వినయంగా, కావడి భుజానికెత్తుకుంటూ.

దండపాణి గుంపు వైపు తిరిగి, "తప్పుకోండప్పా, వాణ్ణి ముందర పోనీండి," అన్నాడు.