మేకు కొట్టని గోడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవరో కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు. ఆ యాతన వాళ్ళ కాలంలో ఉండి ఉండదు.

పటాలు కట్టే ఆయన బతుకంతా పరాయి గోడల సేవలోనే గడిచింది. పెళ్ళి ఫొటో తెచ్చినా, పోయినవాళ్ళ ఫొటో తెచ్చినా గాజు కోసి, అంచులు సానరాయి మీద నున్నగా రుద్ది, చట్రంలో బిగించి ఇచ్చేవాడు. చట్రంలోకి పోయే అంచుల్ని ఎవడు చూస్తాడయ్యా అని తోటివాళ్ళు నవ్వితే, "గాజు మార్చేవాడి చెయ్యి తెగకూడదుగా" అనేవాడు. ఆయన సొంత పెళ్ళి పటం మాత్రం ఏ గోడా ఎక్కలేదు. ఏ అద్దింటి యజమాని నోట విన్నా ఒకటే మాట: మేకులు కొట్టకండి. ఎన్ని ఇళ్ళు మారినా ఆ పటంలోని కొత్త దంపతులు బీరువా పక్కన నేలమీదే చేరగిలబడి ఉండేవారు.

జబ్బు ముదిరాక ఆయన భార్యను ఒక్కటే అడిగాడు. "మనదైన గోడకి ఒక్క మేకు కొట్టి పోతానే."

ఊరి శివార్లలో ఆమెకు ఒక చిన్న పాత ఇల్లు దొరికింది. పడకగదిలో, తలుపు పైమూల నుంచి ఏటవాలుగా పగులు. పైపై పూత పగిలిందంతే అన్నారు అమ్మేవాళ్ళు. ఆమెకు నమ్మకం కుదరక, ఇళ్ళు పరీక్ష చేసే మనిషిని పిలిచింది. ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ను పగుళ్ళాయన అంటారు.

"పాత దెబ్బయితే భయం లేదు చెల్లెమ్మా" అన్నాడు పగుళ్ళాయన. "గోడ ఇంకా కదులుతోందేమో చూడాలి. పగులుకి అడ్డంగా గాజుముక్క అతికిద్దాం. వానలు వెళ్ళేదాకా అది నిలిస్తే ఇల్లూ నిలిచినట్టే."

ఇద్దరూ అద్దింటికి వచ్చి చెప్పిన సంగతి వినగానే మంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. "గాజు నేనిస్తా బావగారూ! మీ సంచిలో సరుకు నేను నమ్మను."

"చూశావా చెల్లెమ్మా, ఫీజు ఎగ్గొట్టడానికి చుట్టరికం కలిపేస్తున్నాడు!"

"బావమరిది దగ్గర ఫీజు తీసుకుంటే నలుగురూ నవ్వరూ?"

నవ్వు దగ్గులోకి తిరిగింది. అయినా మంచం మీదే ఆ ముక్క కోసి, అంచులు రుద్ది మరీ ఇచ్చాడు.

వానలు పట్టుకున్నాయి. ఒకరోజు ఆమె వెళ్ళేసరికి గాజు రెండు ముక్కలై ఉంది.

"పునాది కుంగుతోందమ్మా. కొనకండి" అన్నాడు పగుళ్ళాయన.

ఇంటికొచ్చింది. భర్త తలెత్తాడు. "ఏమైందే?"

"చెక్కుచెదరలేదు" అనేసింది.

"అయితే తీసుకెళ్ళు. నా కళ్ళతో చూస్తా."

ఆమె పగుళ్ళాయన దగ్గరకు పరుగెత్తింది. పనికిరాని ఇంటిని బాగుందని ఎన్నడూ అనని ఆ మనిషి ఆమె వెంట ఆ ఇంటికి వెళ్ళాడు. తర్వాత సంచిలోంచి ఇంకో గాజుముక్క తీసి, పాతది ఊడదీసిన చోటే అతికించాడు.

మర్నాడు కారు మాట్లాడుకుని ముగ్గురూ వెళ్ళారు. పటం ఆమె ఒళ్ళో ఉంది, మేకు ఆయన జేబులో ఉంది. గోడ పక్కన కుర్చీలో కూర్చోబెడితే, ఆయన చెయ్యి చాచి గాజు అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. సగందాకా వెళ్ళి వేలు ఆగిపోయింది. పగుళ్ళాయన సంచిలో గాజుకి సానరాయి పట్టిందెవరు కనుక! ఆ పగుళ్ళాయనేమో అటు తిరిగి, ఎక్కడా లేని పగులేదో పైకప్పులో వెతుకుతున్నాడు.

"చూశారా బావగారూ" అన్నాడు పటాలాయన నెమ్మదిగా. "నేను కోసిన గాజు అంత తేలిగ్గా పగులుతుందేంటి?"

ఆమె పటం పైకెత్తి అడిగింది. "మేకు కొట్టనా?"

"ఇప్పుడొద్దులేవే. కాస్త కుదుటపడనీ దాన్ని. దెబ్బ మీద దెబ్బ ఎందుకు?"

లేపడానికి చెయ్యి పట్టుకోబోతే బొటనవేలి మీద సన్నటి నెత్తుటి గీత కనిపించింది. ఆయన పిడికిలి మూసేశాడు.

తిరిగి అద్దింటికి వెళ్తున్నంతసేపూ, ఆ గదికి ఏ రంగు వేయిస్తే పటం బాగా కనిపిస్తుందో ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊ కొడుతూనే ఉంది.