ఒక్క ముద్ద వెనక

కోదండరామి బంతిలో కూచున్నాడంటే మిగతావాళ్ళ పని అయిపోయినట్టే. రూపనగుడిలో బంతిభోజనానికొక కట్టుబాటుంది: ఆఖరివాడి విస్తరి ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆ ఆఖరివాడు ఎప్పుడూ కోదండరామే.

ముద్ద కలిపి, దాన్ని నాలుగువైపులా చూసి, తన ఎద్దు ఎమ్మిగనూరులో తప్పిపోయిన కథ గొంతెత్తి అందుకునేవాడు. అది దొరికేలోపు అందరి చేతులూ ఎండిపోయేవి. పక్కన అక్క హనుమక్క మొగుడు తిమ్మన్న ఉండి తీరాలి. బావ లేనిదే బంతిలో కూచునేవాడు కాదు.

"ఎద్దు దొరికెనా అప్పా?" అని వడ్డించే హులిగెప్ప అడిగేవాడు.

"ఇంకా కంప్లి దాటలేదు."

అతని భార్య నాగలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టుండేది. ఇంట్లో ఈ మనిషే, రెండో రొట్టె పెనం దిగేలోపు మొదటిది మాయం చేసి చెయ్యి చాచేవాడు.

"ఇంట్లో గాలివాన, బంతిలో నత్త. ఏంది నీ కథ?"

"పెండ్లికూడు గబగబా మింగితే పెట్టినోళ్ళకు మర్యాదేనా?"

పంతొమ్మిదివందల అరవై మూడులో తిమ్మన్న కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి తండ్రి వియ్యాలవారి బంతిలో కూచోకపోతే వాళ్ళకు అవమానం. తిమ్మన్న మాత్రం కూచోనని మొండికేశాడు. ఇదంతా తన మొగుడి నిర్వాకమేనని నాగలక్ష్మమ్మ పరుగున వెళ్ళింది.

"అన్నా, ఆయప్పను రెండో బంతికి తోస్తా. నువ్వు కూచో."

"వాడు లేకుంటే నేను అసలు కూచోలేనమ్మా." తిమ్మన్న తల దించుకున్నాడు. "నిదానం వాడిది కాదు, నాది. కూడు గొంతులో నిలబడతాది. పొద్దున తిన్నది సాయంత్రం అట్లే పైకొస్తాది. గుటకేస్తే బుడబుడమంటాది. అది నలుగురికీ ఇనపడకూడదని వాడు కథ చెప్తాడు. నేను ఆఖరోణ్ణి కాకూడదని నాకంటే ఒక్క ముద్ద వెనకుంటాడు. ఏడేండ్లాయ. ఇప్పుడు ఇంకోపక్క వియ్యంకుడు కూచుంటే ఆ కథ గూడా చాలదు."

నాగలక్ష్మమ్మ వెళ్ళినంత పరుగునా ఇంటికొచ్చింది. వస్తూనే మొగుణ్ణి పట్టుకుంది.

"ఎద్దు కథ చెప్తే రోగం పోతాదా? పెద్ద డాక్టరుకు చూపించు పో!"

కోదండరామి గుంతకల్లులో రైలెక్కించి బావను మద్రాసు తీసుకెళ్ళాడు. అక్కడ తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీస్తే, అన్నం దిగే దారి పక్కన ఒక సంచి కనబడింది. తిన్నదంతా అందులో చేరుతోంది. డాక్టర్లు మెడ కొయ్యకుండా, మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దించి, సంచికీ దారికీ మధ్యనున్న అడ్డుగోడను కరెంటుతో కోశారు.

ఊళ్ళో ఆ వైద్యాన్ని కోదండరామే వివరించాడు. "కాలవ పక్కన గుంత పడె. నీళ్ళన్నీ గుంతలోకే పాయ. నడమ గట్టు తెంపిరి, గుంతా కాలవా ఒకటాయ. అంతే!"

"మరి సంచి తెచ్చినారా?" అన్నాడు హులిగెప్ప.

"ఆడనే వదిలిరి. నీకేం పని, జొన్నలు పోసుకుంటావా?"

పెళ్ళిరోజు తిమ్మన్న వియ్యంకుడి పక్కన కూచుని బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు మూడు చప్పుడు లేకుండా మింగాడు. హనుమక్క తలుపు చాటునుంచి ఒక్కో గుటకా చూసి కళ్ళు తుడుచుకుంది. ఇక బంతి తొందరగా లేస్తుందని ఊరంతా సంబరపడింది.

లేవలేదు. తిమ్మన్న విస్తరి ఖాళీ అయినా, అతని బావమరిది సగం విస్తరి ముందు పెట్టుకుని ఎద్దును మళ్ళీ తప్పించాడు.

నాగలక్ష్మమ్మ నెయ్యి గిన్నెతో మండిపడుతూ వచ్చింది. "ఇంకా ఏంది నీకు..." అనబోయి ఆగింది. మొగుడికి రెండోపక్క పెళ్ళికొడుకు తాత ఉన్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. ఓళిగను చిగుళ్ళతో నములుతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుపడుతున్నాడు.

ఆమెకు మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తాత ఓళిగ మెత్తబడేలా నెయ్యి ధారగా పోసి, బంతివైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఎవరూ లేయొద్దండప్పా! పాయసం ఇంకా ఉడకతాండాది!"

ఆ పెళ్ళిలో అసలు పాయసమే వండలేదు.