తొర్ర మూసుకున్న కొమ్ముకత్తిరి

మొన్న నిజామాబాద్‌లో మా మనవరాలు ఫోనులో ఒక బూడిదరంగు పక్షిని చూపించి, దీని పేరు కొమ్ముకత్తిరి, ఈ జాతికి ఇప్పట్లో అంతరించే ముప్పేమీ లేదట తాతా అని చదివి వినిపించింది. కొత్తిమీర కట్టకైనా బేరమాడందే సంచి తెరవని నేను ఆ మాటను మాత్రం బేరమాడకుండానే పుచ్చుకుని, ఫోను తీసుకుని ఆ ముక్కును దగ్గరగా చూశాను.

బోధన్‌లో మాకు బట్టల దుకాణం ఉండేది. నేను కొత్తగా గల్లా మీద కూర్చుంటున్న రోజులవి. దుకాణం వెనకింట్లో మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన మా అవ్వకు కిటికీలోంచి కనిపించే చింతచెట్టే లోకం. ఆ ఎండాకాలం ఒక ఆడ కొమ్ముకత్తిరి గుడ్లు పెట్టడానికి దాని తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు మాత్రం విడిచి, లోపలినుంచి మట్టీ రెట్టా మెత్తి వాకిలి మూసుకుంది. మగది రావిపండ్లో వేపపండ్లో తెచ్చి ఆ సందులోంచి అందించేది. అది వచ్చి పోతే గాని అవ్వ ముద్ద ముట్టేది కాదు.

అంతలో ఆ చెట్టును కట్టెల అడితి సేటు కొన్నాడని తెలిసింది. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకిని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం సాగదని మా బజారులో పెద్ద పట్టింపు కదా, అందుకే సేటు అగరొత్తి వెలిగించి కూర్చోగానే ఎదుట నిలబడి, కట్టెలు వద్దు, పిట్టలు ఎగిరిపోయేదాకా చెట్టును నిలబెడితే చాలన్నాను.

"బోణి యాళ్ల జూసి మరీ వొచ్చినవ్. నువ్వు బట్టల దుకాణంల కాదు, కచేరిల కూసోవాలె," అని దెప్పి, సరేనన్నాడు. ఆ పూట నా నడక చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు.

చెట్టుకైతే బేరం కుదిరింది గాని, మగపిట్టకు ఎవరితో బేరమాడాలి? కొన్నాళ్లకు అది రావడం మానేసింది. ఆ వారమే మా బావ అంగడినుంచి ప్రేమగా ఒక సీసా తెచ్చి, ధనేశ్ తైలమట, కీళ్లకు దీన్ని మించిన మందు లేదట అన్నాడు. ధనేశ్ అంటే ఏమిటని అవ్వ అడిగితే, కిటికీలోంచి తొర్ర చూపించి, గసొంటి పిట్టనే, దాని కొవ్వు కాస్తరు అన్నాడు. అది మా పిట్టదేనో, ఏ అడవిలో పిట్టదో ఎవరు చెప్పగలరు? అవ్వ మాత్రం మోకాళ్ల మీదికి చీర లాక్కుంది.

"వద్దు బిడ్డా. తొర్రల గామె ఇంకా ఎదురు సూస్తున్నది."

నిచ్చెన వేసి నేనే పండ్లు అందించబోతే, లోపలి ముక్కు కాస్త ముందుకు వచ్చి, నా వేళ్లను చూసి వెనక్కు పోయింది. తర్వాత ఆ సందులో ఏ కదలికా కనబడలేదు. పిట్ట ఎగిరిపోయిందా అని సేటు కబురు చేసినప్పుడల్లా అవ్వ ముఖం చూసి, ఇంకా లేదనే చెప్పించాను. అవ్వ ఉన్నన్నాళ్లూ అతను గొడ్డలి పెట్టలేదు.

ఇప్పుడా వీధి పొడవునా మొక్కలు నాటారు, ఏపుగానే ఎదిగాయి. ఒక పిట్ట నమ్మి లోపలికి వెళ్లి వాకిలి మూసుకునేంత పాత చెట్టు మాత్రం ఒక్కటీ లేదు.