మా ఓడకి తాడు కడతారు

ఆదివారం అన్నాలయ్యాక మా ఇంట్లో ఎవరూ కునుకు తియ్యరు. కొట్టుకుంటాం. ఆస్తుల కోసమూ కాదు, రాజకీయాల కోసమూ కాదు. రెండు సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ కోసం.

ఒకదాన్ని మేం ‘ఓడ’ అంటాం. నక్షత్రాల మధ్య దారితప్పిన ఓడ, అందులో జనం, కనపడ్డ అంతరిక్ష స్టేషన్ దగ్గరల్లా ఆగుతూ, ఇంటిదారి వెతుక్కుంటూ పోతూ ఉంటారు. రెండోది ‘గ్రహం’. ఎర్రమట్టి గ్రహం మీద దిగినవాళ్ళు గనులు తవ్వి, ఇనుము కరిగించి, అక్కడే ఊరు కట్టుకుంటారు. అసలు పేర్లు నోరు తిరిగేవి కావు, రెండూ తెలుగు డబ్బింగులోనే చూస్తాం.

నాది ఓడ పార్టీ. పోర్టు దగ్గర ఓడల కాగితాలు చూసే ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఇంకో పార్టీలో ఎలా ఉంటాను? మా అక్క మొగుడు, అంటే మా బావ, గ్రహం పార్టీ. గోదావరి జిల్లా మనిషి, స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర డ్యూటీ. ఆదివారం పొద్దున్నే అక్కని బండెక్కించుకుని మల్కాపురంలో మా ఇంట్లో దిగిపోతాడు. అక్క పెళ్ళికి ముందు నా వైపు ఉండేది, ఇప్పుడు మొగుడి వైపు. ఆ ద్రోహం నేను ఇంకా మర్చిపోలేదు. ఇక నాన్న నా పార్టీ. అంటే రెండుకి రెండు. అమ్మకి ఓటు లేదు. “రెండూ ఇనప సామానే కదే, నాకెందుకు?” అని తనే వదిలేసుకుంది.

నాన్న పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అంతెత్తున గాజు గదిలో కూర్చుని, కింద నిలబడ్డవాడు బీడీ వెలిగించాడో లేదో చెప్పేవాడట. పక్క క్రేన్ ఆయనకి ఓసారి కంటి పరీక్షలో తేడా వచ్చిందని కింద పనికి వేశారు. “ఆణ్ని దించేసినార్రా” అని నాన్న ఆ కబురు ఇంట్లో చెప్పిన తీరుకి, ఆ మనిషి పోయాడేమో అనుకున్నాను చిన్నప్పుడు. తన కళ్ళంటే నాన్నకి అంత గీర.

మా వాదనలు ఇలా ఉండేవి.

“మీ ఓడకి పెట్రోలు ఎవడు పోస్తున్నాడండీ మరదలు గారూ? మూడు సీజన్ల నుంచీ ఒక్క బంకు దగ్గర ఆగింది లేదు” అనేవాడు బావ.

“మీ గ్రహంలో ఇనుము కరిగించేవాడు తెల్లచొక్కా వేసుకున్నాడు బావా. నువ్వెప్పుడైనా డ్యూటీ నుంచి తెల్లచొక్కాతో వచ్చావా?”

ఆ దెబ్బకి పాపం బావ పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ తెల్లచొక్కా ఆయన్ని కూడా లోపల కెలుకుతూనే ఉండేది మరి.

అప్పుడు నాన్న తన బ్రహ్మాస్త్రం తీసేవాడు. “ఎన్నయినా సెప్పండి. మా ఓడకి తాడు కడతారు. వచ్చి స్టేషన్‌కి ఆనగానే పైనుంచి తాడు ఇసురుతారు, కిందనున్నోడు అందుకుని కడతాడు. పద్ధతంటే అదీ.”

“తాడెక్కడుందండీ మావయ్యగారూ? నేను చూళ్ళేదే!”

“సరిగ్గా సూడు మరి.”

నేనూ చూడలేదు. నాన్న బావని ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. కానీ పార్టీ అన్నాక పార్టీయే. “ఉంది బావా, నేను చూశాను, నీలం తాడు” అని ఒట్టేసి మరీ చెప్పేదాన్ని.

ఒకసారి నాన్న ఇంకో బాంబు వేశాడు. ఓడ కెప్టెన్ గొప్పా, గ్రహం నాయకుడు గొప్పా అని నేనూ బావా గొంతులు చించుకుంటుంటే, “ఇద్దరూ ఒకడే కదర్రా, ఎందుకలా అరుస్తన్నారు?” అన్నాడు. మళ్ళీ పెట్టి విన్నాం. నిజమే! ఇద్దరికీ డబ్బింగు చెప్పిన గొంతు ఒక్కటే. ఇన్నాళ్ళూ ఒకే మనిషి గొంతు కోసం రెండు పార్టీలు పెట్టుకుని తన్నుకున్నామా అని పొట్టలు పట్టుకుని నవ్వాం. అంత మంది చూసినదాంట్లో ఆయనొక్కడే ఎలా పట్టాడా అని ఒక్కరికీ తట్టలేదు.

నాకు ఒళ్ళుమండేది మాత్రం అమ్మతో. సీరియల్ పెట్టగానే చిక్కుడుకాయల చాటతో వచ్చి నాన్న పక్కన కూర్చునేది. ఇక ఆయన చెవిలో ఆపకుండా గొణుగుడే, మాకు సగమే వినపడేది. “ఆడు తలుపు తీసినాడు. ఆ పిల్ల ఏడుత్తంది. ఇదిగో, తుపాకీ దాసీసినాడు.” నేను విసిగిపోయి అరిచేదాన్ని: “అమ్మా, మాకు కళ్ళున్నాయి! మేం చూస్తాం, నువ్వు ఊరుకో!” ఒక్క నిమిషం ఊరుకునేది. మళ్ళీ మొదలు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చెంపలేసుకుంటూ ఉంటాను.

ఓడ చివరి ఎపిసోడ్ వచ్చింది. దాంట్లో ఓడ ఇన్నేళ్ళకి తన సొంత స్టేషన్ చేరుతుంది. ఆ సీనుకి సంగీతం లేదు, మాట లేదు, చప్పుడు లేదు. అంతరిక్షంలో గాలి ఉండదు కాబట్టి చప్పుడూ ఉండదు. గ్రహం వాళ్ళలా ఢాంఢాం అని బాంబులు మోగించే రకం కాదు మేం. ఓడే గొప్పని బావ చేత ఒప్పించడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదని నేను ఏర్పాట్లన్నీ చేశాను. కర్టెన్లు వేసేశాను. ఫోన్లు ఆపించాను. చలికాలం కాబట్టి ఫ్యానే లేదు. చివరికి అమ్మ వైపు తిరిగి, “ఓడ స్టేషన్‌కి చేరేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట వచ్చిందంటే నా మీదొట్టే” అన్నాను.

సీను మొదలైంది. తెర అంతా నలుపు. మూల నుంచి ఓడ సన్నగా వస్తోంది. బావ కూడా గుటక మింగడం మానేశాడు. అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించుకుని, నా వైపే చూస్తోంది.

“కరెంటు పోనాదేటే?” అన్నాడు నాన్న.

నవ్వబోయాను. ఆయన మొహం టీవీ వైపే ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఓడ తెర నిండా వచ్చేసింది. “ఏటే, మాటాడవేటి? ఎక్కడున్నావు?” అని పక్కకి చెయ్యి చాపి అమ్మ భుజం వెతుక్కున్నాడు. 

అమ్మ అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. ఏడాదిన్నరైందట. నాన్నకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనుషులు నీడల్లా కదులుతారు, అంతే. ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను ఏడ్చాను, అమ్మని తిట్టాను, నాన్నని తిట్టాను, ఒకే ఇంట్లో ఉండి గమనించని నన్ను నేను అందరికంటే ఎక్కువ తిట్టుకున్నాను. నాన్న మాత్రం, “నాకేటీ అవనేదు. తెర నల్లగుంటే నానేటి సేత్తాను?” అని మంచం ఎక్కేశాడు. ఆపరేషన్ అంటే చెవులు మూసుకున్నాడు. అక్క బతిమాలింది, నేను అన్నం మానేస్తానని బెదిరించాను. “నన్నూ దించేద్దారని సూత్తన్నారా?” అన్నాడు ఒకసారి, చాలా నెమ్మదిగా. 

మూడో ఆదివారం బావ వచ్చి, చొక్కా సర్దుకుని, నాన్న మంచం ముందు నిలబడ్డాడు.

“మావయ్యగారూ, చిన్న మాటండి. చూడకుండా వేసిన ఓటు చెల్లదండి. ఏడాదిన్నరగా మీరు వేసిన ఓట్లన్నీ కొట్టేశామండి. గ్రహానికి రెండు, ఓడకి ఒకటి. మేం గెలిచేశామండి.”

నాన్న దుప్పటి తన్నేసి లేచాడు. “ఎవుడయ్యా నా ఓటు కొట్టేసినోడు?”

“నేనేనండి.”

“రేపే పద ఆసుపత్రికి. నీ లెక్క తేలుత్తాను!”

బావ బయటికొచ్చి సందులో నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను. శత్రుపక్షం కాబట్టి చూడనట్టే ఉన్నాను.

సీతమ్మధారలో డాక్టరు దగ్గర ఒక కన్ను, తర్వాత నెలకి రెండో కన్ను. “సూత్తే రెంటితోనే సూత్తాను” అని అప్పటిదాకా మొదటి కంటి మీద గుడ్డ మందు వేసేటప్పుడు తప్ప తియ్యలేదు నాన్న. రెండోదాని కట్టు విప్పిన రోజు నల్లకళ్ళజోడు పెట్టుకుని ఆటోలో కూర్చున్న మనిషి, మల్కాపురం వచ్చేదాకా దారిలో ప్రతి బోర్డూ బయటికి చదివాడు. టిఫిన్ సెంటర్లు, మందుల షాపులు, టు-లెట్ కాగితాలు కూడా. ఆటో అతను తిక్క మనిషేమో అన్నట్టు అద్దంలోంచి చూశాడు. నాకు మాత్రం ఆ దారి ఇంకొంచెం పొడుగుంటే బావుణ్ణు అనిపించింది. ఇంటికొచ్చి బావని ఎగాదిగా చూసి, “జుట్టు ఎప్పుడు నెరిసిందయ్యా?” అన్నాడు. అమ్మని చాలాసేపు చూశాడు. అమ్మే సిగ్గుపడి వంటింట్లోకి పోయింది.

ఆ ఆదివారం మళ్ళీ ఆ చివరి ఎపిసోడే పెట్టాం. కర్టెన్లు, నిశ్శబ్దం, అన్నీ అలాగే. నాన్న ముందుకి వంగి కూర్చున్నాడు. ఓడ వచ్చింది, స్టేషన్‌కి ఆనింది, రెండు ఇనప కొక్కేలు వచ్చి పట్టుకున్నాయి. అయిపోయింది. నేను గర్వంగా నాన్న వైపు చూశాను.

“తాడేదే?” అన్నాడు అమ్మతో.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“తాడు అందుకున్నోడేడీ? నీలం సొక్కా, తలకి తువ్వాలు సుట్టుకున్నోడు? ప్రతిసారీ వచ్చేవోడు కదే!”

“మొదటి రోజు ‘ఓడొచ్చి ఆగింది’ అనే సెప్పాను” అంది అమ్మ తలెత్తకుండా. “‘తాడు కట్టకుండా ఎలగాగుద్దే, సరిగ్గా సూసి సెప్పు’ అని నామీద ఎగిరావు. కట్టీసినాను.”

అక్క కిందపడి నవ్వింది. బావ “అయ్యబాబోయ్ అత్తయ్యగారూ!” అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను చూశానని ఒట్టేసిన నీలం తాడు గుర్తొచ్చి నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

“ఇంకేటి కట్టావే అందులో?” అన్నాడు నాన్న.

“సెప్పను. మొదట్నుంచీ సూసుకో. కళ్ళొచ్చినాయి కదా.”

నవ్వులు తగ్గాక బావ గొంతు సవరించుకున్నాడు. “సరేనండి. ఇప్పుడు చూశారు కాబట్టి ఓటు చెల్లుద్దండి. ఓడకా, గ్రహానికా?”

నాన్న నల్లకళ్ళజోడు తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. “రెంటికీ కాదు. తాడు కట్టని ఓడకి నానెందుకేత్తాను? నా ఓటు మీ అత్తయ్యకి.” తర్వాత నాతో, “ఇంకోసారి ఎట్టవే ఆ సీను” అన్నాడు.

పెట్టాను. తెర నల్లబడగానే నాన్న ఆ కొత్త కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు.

“ఇప్పుడు సెప్పవే.”

అమ్మ చాట కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఓడొత్తంది. నెమ్మదిగా వత్తంది. ఇదిగో, ఆనింది. పైనుంచి తాడు ఇసిరినారు.”

“కట్టినాడా?”

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడాదిన్నరగా తాడు లేదు లేదని మాతో యుద్ధం చేసిన బావ చప్పున అందుకున్నాడు.

“కట్టాడండి మావయ్యగారూ. గట్టిగా కట్టాడు. నేను చూశానండి.”